యూనిట్ – 7: ఒక చిన్న వర్తక పట్టణం చరిత్ర – చీరాల: రికార్డులు, జ్ఞాపకాలు

7.1 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ఒక చిన్న పట్టణం చరిత్రను ఏయే ఆధారాలతో నిర్మించవచ్చో వివరించగలుగుతారు.
• చీరాల–పేరాల ఉద్యమానికి దారితీసిన పరిస్థితులను, దాని క్రమాన్ని, ఫలితాలను చర్చించగలుగుతారు.
• ప్రభుత్వ రికార్డు చెప్పే విషయానికి, ఊరి జ్ఞాపకం చెప్పే విషయానికి మధ్య ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• మీ సొంత ఊరి చరిత్రకు కావలసిన సమాచారాన్ని సేకరించడం ప్రారంభించగలుగుతారు.

7.2 ఉపోద్ఘాతం

గత యూనిట్లలో మీరు రాజ్యాల గురించి, జాతీయోద్యమం గురించి చదివారు. వాటిలో ఊళ్ల పేర్లు చాలా వచ్చాయి. అయితే ఊరు అక్కడ ఒక సంఘటన జరిగిన చోటుగా మాత్రమే కనబడుతుంది. సంఘటన ముగియగానే పాఠ్యపుస్తకం ఆ ఊరిని వదలి ముందుకు పోతుంది. కాని ఊరు ఎక్కడికీ పోదు. ఆ సంఘటనకు ముందు అక్కడ జనం బతికారు, తరువాతా బతికారు. వారికి ఆ సంఘటన తమ జీవితంలో ఒక భాగం మాత్రమే.

ఈ యూనిట్‌లో మనం ఊరి దగ్గరే నిలబడి చూద్దాం. ఇందుకు చీరాలను ఎంచుకున్నాం. 1921లో పన్నుల భారం భరించలేక ఊరు ఊరంతా ఇళ్లు విడిచి బయటికి వెళ్లి, పదకొండు నెలలు పాకల్లో కాపురం ఉన్న ఉదంతం మీలో చాలామంది పాఠశాలలోనే విని ఉంటారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరు కూడా మీకు తెలుసు. మరి వెళ్లినవారు ఎవరు? ఏం పని చేసుకొని బతికేవారు? ఊరు విడిస్తే ఆ పని ఏమైంది? తిరిగి వచ్చాక వారు దానిని ఎలా గుర్తుపెట్టుకున్నారు? స్థానిక చరిత్ర అడగవలసిన ప్రశ్నలు ఇవి. వీటిలో కొన్నింటికి జవాబు దొరుకుతుంది. కొన్నింటికి దొరకదు. ఎందుకు దొరకదో తెలుసుకోవడం కూడా చరిత్ర అధ్యయనంలో భాగమే.

7.3 తీరం, మగ్గం, రైలు

చీరాల బంగాళాఖాతం తీరానికి కొద్ది దూరంలో, ఇసుక నేలల మీద ఉన్న పట్టణం. బ్రిటిష్ పాలనలో ఇది గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ప్రకాశంలోకి, 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. అంటే మూడు తరాలలో ఊరు మూడు జిల్లాలు మారింది. ఈ చిన్న విషయాన్ని గుర్తుపెట్టుకోండి. ఒక ఊరి పాత కాగితాలు వెతకాలంటే అప్పట్లో అది ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉండేదో ముందు తెలియాలి. ఈ సంగతి తెలియక తప్పు చోట వెతికి, కాగితాలు లేవని తిరిగి వచ్చే విద్యార్థులను నేను చాలామందిని చూశాను.

ఈ తీరానికి వర్తకం కొత్త కాదు. చీరాలకు దక్షిణంగా, దగ్గరలోనే మోటుపల్లి ఉంది. కాకతీయుల కాలంలో అది పేరుపొందిన రేవు. గణపతిదేవుడు 1244–45లో అక్కడ వేయించిన అభయ శాసనం గురించి మీరు కాకతీయ యుగం పాఠంలో చదివారు. తుపానుకు చెడి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కొనేవారని, ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం విదేశీ వర్తకులకు హామీ ఇచ్చింది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అదే రేవులో వర్తకుల కోసం శాసనం వేయించాడు. 13వ శతాబ్దం చివర ఈ తీరం గురించి రాసిన మార్కోపోలో ఇక్కడి సన్నని నేత బట్టను సాలెగూటితో పోల్చాడు.

ఈ రెండు శాసనాలలో మనకు పనికివచ్చే విషయం ఒకటుంది. వర్తకుడికి కావలసింది పన్ను లేకపోవడం కాదు, పన్ను ఎంతో ముందుగా తెలియడం, అది భరించగలిగేదిగా ఉండడం. ఏడు వందల సంవత్సరాల తరువాత అదే తీరంలో తలెత్తిన తగాదా కూడా పన్ను గురించే. ఒకదానికి మరొకటి కారణమని నేను అనడం లేదు. కాని ప్రభుత్వానికి, వర్తకం మీద బతికే ఊరికి మధ్య ఉండే సంబంధం ఎక్కడ బిగుసుకుంటుందో అర్థం చేసుకోవడానికి ఈ పోలిక ఉపకరిస్తుంది.

చీరాలకు పేరు తెచ్చింది చేనేత. ముఖ్యంగా తేలియా రుమాళ్లు. నూలును నూనెలో, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో పలుమార్లు నానబెట్టి, పిసికి, ఎండబెట్టేవారు. అప్పుడు ఎర్ర రంగు నూలుకు గట్టిగా పట్టేది. నేయడానికి ముందే నూలును అక్కడక్కడ ముడివేసి కట్టి రంగుల్లో ముంచితే, మగ్గం మీద పడుగు, పేక కలిసినచోట డిజైను తేలేది. ఎరుపు, నలుపు, తెలుపు దీని ప్రధాన రంగులు. ఆ నూనె వాసన వల్లనే తేలియా అన్న పేరు వచ్చింది. ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు ఎగుమతి అయ్యేవి. ఇక్కడ పశువుల కాపరులు, చేపలు పట్టేవారు తలగుడ్డలుగా, లుంగీలుగా వాడేవారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో ఈ పనితనం చీరాల నుంచి నల్లగొండ ప్రాంతపు నేతగాళ్లకు అందింది. నేడు పుట్టపాక, పోచంపల్లి పేర్లతో మనం గుర్తుపట్టే నేతకు ఒక మూలం ఇక్కడ ఉంది.

19వ శతాబ్దం ముగిసేనాటికి మద్రాసు–బెజవాడ రైలు మార్గం చీరాల మీదుగా వచ్చింది. నూలు మూటలు, రంగులు రైల్లో దిగడం, బట్టల బేళ్లు రైలెక్కడం మొదలైంది. తరువాతి కాలంలో పొగాకు వ్యాపారం కూడా తోడయింది. బట్టల దుకాణాలు పెరిగి, చుట్టుపక్కల జిల్లాల వారు పెళ్లి బట్టలకు ఇక్కడికే రావడంతో ఊరికి ‘చిన్న బొంబాయి’ అన్న పేరు వచ్చింది.

7.3.1 పేరు వెనుక కథ

చీరాల అనే పేరు ఎలా వచ్చిందని ఊళ్లో అడిగితే మీకు ఒకటికి మించి జవాబులు దొరుకుతాయి. చీరలు నేసే ఊరు కనుక చీరాల అని కొందరు అంటారు. పూర్వం దీని పేరు క్షీరపురి అని, అదే చీరాల అయిందని మరికొందరు అంటారు. ఇలాంటి కథలను భాషాశాస్త్రం ఒప్పుకుంటుందా అన్నది వేరే ప్రశ్న. చరిత్ర విద్యార్థి వాటిని నిజమని రాయకూడదు, అబద్ధమని కొట్టిపారవేయనూ కూడదు. మొదటి కథ చెప్పేవారు తమ ఊరిని పనితో గుర్తిస్తున్నారు. రెండో కథ చెప్పేవారు పురాణ గౌరవంతో గుర్తిస్తున్నారు. పేరు కథ ఊరి పుట్టుకను చెప్పకపోవచ్చు. ఊరు తనను తాను ఎలా చూసుకుంటున్నదో మాత్రం చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. మోటుపల్లి అభయ శాసనం వర్తకులకు ఇచ్చిన హామీ ఏమిటి?
2. తేలియా రుమాళ్లకు ఆ పేరు ఎందుకు వచ్చింది?

7.4 యూనియన్ నుంచి మునిసిపాలిటీకి

1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం ప్రకారం పెద్ద గ్రామాలను కలిపి యూనియన్లుగా ఏర్పరచేవారు. వీధులు ఊడ్పించడం, దీపాలు పెట్టించడం వంటి పనులకు యూనియన్ ఇంటి పన్ను వసూలు చేసేది. చీరాల, పేరాల గ్రామాలు, వాటిని ఆనుకొని ఉన్న జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి చీరాల యూనియన్‌గా ఉండేవి. జనాభా సుమారు 15,000. యూనియన్ పన్నుగా ఏడాదికి సుమారు 4,000 రూపాయలు వసూలయ్యేది.

1919–20 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఈ యూనియన్‌ను మునిసిపాలిటీగా మార్చింది. పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరిగింది. పుస్తకాలలో ఈ అంకెలను చదివి ‘పది రెట్లు’ అని గుర్తుపెట్టుకొని ముందుకు పోతాం. కొంచెం ఆగి లెక్క వేయండి. 4,000 రూపాయలను 15,000 మందికి పంచితే తలకు నాలుగు అణాల పైచిలుకు. అయిదుగురున్న ఇంటికి సుమారు రూపాయి అయిదణాలు. 40,000 అయితే అదే ఇంటికి 13 రూపాయల అయిదణాలు. పన్నును నిజానికి తలల లెక్కన వేయరు, ఇంటిని బట్టి వేస్తారు. కనుక ఇది సగటు మాత్రమే, ఏ ఒక్క ఇంటి బిల్లూ కాదు. అయినా, నేసిన బట్ట అమ్ముడైతేనే పొయ్యి వెలిగే ఇంట్లో ఈ పెంపు ఎలా వినబడి ఉంటుందో ఈ లెక్క మనకు కొంత తెలియజేస్తుంది. అది మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కాలం, ధరలు మండిపోతున్న కాలం అన్నది కూడా కలిపి ఆలోచించండి.

ప్రజలు మొదట చేసింది తిరుగుబాటు కాదు. విన్నపాలు పెట్టుకున్నారు. మునిసిపాలిటీని రద్దుచేసి మా యూనియన్ మాకు ఇవ్వండి అని అడిగారు. ఫలితం లేకపోయింది. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం తీసుకొనే చైర్మన్‌ను నియమించి వసూళ్లు సాగించింది. పన్ను కట్టనివారి మీద కేసులు పెట్టారు. జైలుకు వెళ్లినవారిలో ఒక మహిళ కూడా ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. 1919 సంస్కరణల వల్ల రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రుల చేతికి అందింది. మద్రాసులో ఆ శాఖ జస్టిస్ పార్టీకి చెందిన పానగల్లు రాజా రామరాయణింగారి చేతిలో ఉండేది. కనుక చీరాల వారు ఎదుర్కొన్నది తెల్లదొరను మాత్రమే కాదు. ఎన్నికల ద్వారా అధికారంలోకి వచ్చిన తెలుగు మంత్రి కూడా ఎదుటి పక్షంలో ఉన్నాడు. మునిసిపాలిటీ రావడం అభివృద్ధి అని, స్వపరిపాలనకు మెట్టు అని ప్రభుత్వం వాదించవచ్చు. తమను అడగకుండా తమ మీద మోపిన స్వపరిపాలన ఏం స్వపరిపాలన అని ఊరు ప్రశ్నించవచ్చు. ఈ రెండు వాదాలలో దేనినీ తేలికగా తీసివేయలేం. పరీక్షలో ఈ ఉద్యమం గురించి రాసేటప్పుడు కేవలం ‘బ్రిటిష్ దుర్మార్గం’ అని రాసి ఊరుకోకండి.

7.5 ఊరు విడిచిన పదకొండు నెలలు

ఈ సమయంలో ఉద్యమానికి నాయకత్వం వహించిన వ్యక్తి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి, తిరిగివచ్చి అధ్యాపకుడిగా పనిచేసి, ఆ ఉద్యోగాలలో ఇమడలేక ప్రజా జీవితంలోకి వచ్చాడు. ప్రజలు ఆయనను ‘ఆంధ్రరత్న’ అన్నారు. మాటకారి, పాటకారి, జానపద కళల మీద ప్రేమ ఉన్నవాడు. ఆయన ఏర్పాటు చేసిన స్వచ్ఛంద సేవక దళం పేరు రామదండు. కాషాయ దుస్తులు, రుద్రాక్షలు, నుదుట బొట్టుతో వారు రాముడి సేన వేషంలో ఉండేవారు. ఊళ్లో ప్రతివారికీ తెలిసిన రామాయణ కథలోంచి ఉద్యమానికి రూపం ఇవ్వడం ఆయన ప్రత్యేకత. సభల్లో క్రమం తప్పకుండా చూడడం, కబుర్లు అందించడం, జనాన్ని శాంతంగా ఉంచడం దండు పని.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. రామదండు అక్కడ క్రమశిక్షణతో పనిచేసి పలువురి దృష్టిని ఆకర్షించింది. తరువాత ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. ప్రజల ముందు రెండు మార్గాలు ఉన్నాయని చెప్పారు. ఒకటి, అహింసాయుతంగా పన్ను నిరాకరించి శిక్షలు అనుభవించడం. రెండు, మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్లిపోవడం. హద్దు లోపల ఎవరూ లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? అయితే కాంగ్రెస్ నుంచి సహాయం ఆశించవద్దని, మీ శక్తి మీద నమ్మకం ఉంటేనే దిగమని కూడా హెచ్చరించారు.

చీరాల, పేరాల ప్రజలు రెండో మార్గాన్ని ఎంచుకున్నారు. ఆ వేసవిలో 15,000 మందిలో సుమారు 13,000 మంది ఇళ్లు విడిచి, మునిసిపల్ హద్దుకు ఆవల ఇసుక నేల మీద తాటాకు పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండాకాలం ఇసుకలో గడిచింది. తరువాత వానలు వచ్చాయి. ఇళ్లు కళ్లకు కనబడుతూ ఉన్నాయి. నడిచి వెళ్లే దూరంలో సొంత గుమ్మం ఉండగా పాకలో ఉండడం మామూలు నిగ్రహం కాదు. దూరదేశం పోయినవాడికి ఇల్లు మరపుకు వస్తుంది. హద్దు ఇవతల కూర్చున్నవాడికి ప్రతిరోజూ గుర్తుకు వస్తుంది.

ఆ ఏడాదే గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేశారు. ఏడాది జైలు శిక్ష పడింది. నాయకుడు తిరుచిరాపల్లి జైలులో ఉండగా, చేతిలో డబ్బు అయిపోయి, వానకు, ఎండకు పాకలు శిథిలమై, జనం అలసిపోయారు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత గాంధీజీ దేశమంతటా సహాయ నిరాకరణను నిలిపివేశారు. దాదాపు పదకొండు నెలలు నిలబడిన తరువాత ప్రజలు తమ ఇళ్లకు తిరిగి వచ్చారు. గోపాలకృష్ణయ్య జైలు నుంచి వచ్చి మళ్లీ ప్రజా కార్యక్రమాలలో తిరిగినా, ఆర్థిక ఇబ్బందులతో, అనారోగ్యంతో 1928 జూన్‌లో 39 ఏళ్లకే మరణించాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. గాంధీజీ చీరాల ప్రజలకు సూచించిన రెండు మార్గాలు ఏవి?
2. ఉద్యమం ఆగిపోవడానికి గల కారణాలను మూడు వాక్యాలలో రాయండి.

7.6 ఓడారా, గెలిచారా?

ప్రభుత్వ దస్త్రం దృష్టిలో చూస్తే జవాబు తేలిక. జనం తిరిగి వచ్చారు, పన్ను యంత్రాంగం నిలిచింది. ఊరి జ్ఞాపకంలో మాత్రం ఇది ఓటమి కాదు. చీరాలలో మీరు ఎవరిని అడిగినా ‘తిరిగి వచ్చాం’ అనే మాటతో కథ ముగించరు. ‘ఊరంతా కదిలింది’ అన్న మాట దగ్గరే ఆగుతారు. ఈ రెండింటిలో ఏది నిజం? రెండూ నిజాలే. దస్త్రం ఫలితాన్ని కొలుస్తుంది. జ్ఞాపకం ఆ పని చేయగలిగామన్న ధైర్యాన్ని దాచిపెడుతుంది.

పేరాలలో ఆంధ్రరత్న పేరిట పురపాలక ఉన్నత పాఠశాల ఉంది. మునిసిపాలిటీ వద్దని పోరాడిన మనిషి పేరును అదే మునిసిపాలిటీ బడికి పెట్టుకున్నారు. ఇది విచిత్రంగా అనిపించవచ్చు. కాని ఊరికి ఇందులో వైరుధ్యం కనబడదు. వారు వద్దన్నది బడిని, వీధి దీపాన్ని కాదు. తమను అడగకుండా తమ మీద వేసిన భారాన్ని. స్వాతంత్ర్యం వచ్చి, మునిసిపాలిటీ తాము ఎన్నుకొనేదిగా మారిన తరువాత ఆ పేరు ఆ బోర్డు మీద ఒదిగిపోయింది. ఒక వీధి పేరు, ఒక బడి పేరు కూడా చారిత్రక ఆధారమే. దానిని ఎవరు, ఎప్పుడు పెట్టారని అడగడం అలవాటు చేసుకోండి.

7.7 రికార్డు అడగనిది, జ్ఞాపకం చెప్పనిది

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఇది పాఠం కోసమే చెబుతున్నాను, ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

1980ల మొదట్లో పరిశోధక విద్యార్థిగా నేను చీరాల వెళ్లాను. అరువు తెచ్చుకున్న టేప్ రికార్డరు, రాసుకున్న ప్రశ్నల జాబితా నా దగ్గర ఉన్నాయి. జాండ్రపేటలో ఒక నేతగాళ్ల ఇంటి అరుగు మీద డెబ్బై దాటిన ఒక పెద్దావిడ దొరికింది. రామనగర్‌లో ఉన్నప్పుడు తనకు పదేళ్లుంటాయని చెప్పింది. నేను సంబరపడి ‘గోపాలకృష్ణయ్యగారిని చూశారా అమ్మా?’ అని అడిగాను. ‘చూశాను నాయనా’ అంది. ‘ఏం మాట్లాడేవారు?’ అన్నాను. ‘చిన్నపిల్లను, నాకేం తెలుస్తుంది’ అంది. కొంచెం సేపు ఊరుకొని ‘మా నాయన మగ్గం గుంట...’ అని ఏదో మొదలుపెట్టింది. నా టేపు అయిపోవస్తున్నది. నా జాబితాలో మగ్గం లేదు. ‘అది తరువాత చెబుదురుగాని, ముందు రామదండు సంగతి చెప్పండి’ అన్నాను. ఆమె ఆగిపోయింది. తరువాత నేను అడిగినవాటికి ఒకటి రెండు మాటల్లో జవాబు చెప్పింది. మరుసటి ఏడాది వెళ్లేసరికి ఆమె లేదు.

ఆ వాక్యం ఎలా ముగిసేదో నాకు తెలియదు. నలభై ఏళ్లుగా అది నన్ను వదలలేదు. ఎందుకో చెబుతాను. ఆ రోజుల్లో ఇళ్లలో ఉన్నవి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకొని కూర్చొని తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తారు. చెక్క సామాను విప్పి మోసుకుపోవచ్చు. గుంటను మోసుకుపోలేరు. 13,000 మంది ఊరు విడిచారంటే ఎన్నో మగ్గాల గుంటలు విడిచారని అర్థం. ఇసుక నేలలో కొత్త గుంట నిలుస్తుందా? వానాకాలంలో నీరు ఊరదా? పాకలో పడుగు చాపడానికి చోటు ఎక్కడ? పదకొండు నెలలు నేత సాగిందా, ఆగిందా? ఆగితే అప్పులు ఎవరు ఇచ్చారు, తరువాత ఎలా తీర్చారు? ఒక ఊరు ఎంతకాలం నిలబడగలదన్నది నాయకుడి ఉపన్యాసం మీద ఎంత ఆధారపడుతుందో ఈ ప్రశ్నల మీదా అంతే ఆధారపడుతుంది. వీటికి జవాబు చెప్పగలిగిన ఒక మనిషి నా ఎదుట కూర్చొని నోరు తెరిచింది. నేను వినలేదు.

ఇక రెండో సంగతి. 15,000లో 13,000 మంది వెళ్లారని చదివాం. మిగిలిన 2,000 మంది ఎవరు? పన్నును సమర్థించినవారా? కదలలేని ముసలివారా, రోగులా? కదిలితే కూలి పోయే పేదలా? ఊరి జ్ఞాపకం వారి గురించి మాట్లాడదు. ఊరంతా కదిలిందన్న మాటకు వారు అడ్డు. గర్వపడే జ్ఞాపకం తనకు సరిపడనివారిని మెల్లగా పక్కకు నెడుతుంది. దీనిని తప్పుపట్టనక్కరలేదు, కాని గమనించాలి. ప్రభుత్వ రికార్డులో పన్ను ఎగవేసినవారి లెక్క ఉంటుంది, ఊరి జ్ఞాపకంలో వెళ్లినవారి గౌరవం ఉంటుంది. ఉండిపోయినవారు రెండింటిలోనూ కనబడరు. చరిత్రకారుడు వారిని వెతకాలి.

7.8 మీ ఊరి చరిత్రకు మీరు

మీలో చాలామంది చిన్న పట్టణాలలో, సంత జరిగే ఊళ్లలో ఉద్యోగం చేస్తూ, వ్యవసాయం చేస్తూ, ఇల్లు చూసుకుంటూ చదువుతున్నారు. ఊరు వదలి వచ్చిన పరిశోధకుడికి లేని సౌకర్యం మీకు ఉంది. ఊరి పెద్దలు మీకు తాతలు, పిన్నులు, బాబాయిలు. వారితో మాట్లాడేటప్పుడు ఈ కింది విషయాలు పాటించండి.

మొదట, తారీఖుతో మొదలుపెట్టకండి. ‘1977లో ఏం జరిగింది?’ అంటే చాలామంది తడబడతారు. ‘దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు మీరు ఎక్కడ ఉన్నారు?’ అని అడిగితే జవాబు వస్తుంది. ఆ ఉప్పెన 1977 నవంబరులో వచ్చిందని మీరు తరువాత రాసుకోవచ్చు. జ్ఞాపకానికి క్యాలెండరు ఉండదు. తుపాను, కరువు, పెళ్లి, బిడ్డ పుట్టుక దాని గుర్తులు.

రెండు, పని గురించి అడగండి. సంతలో కూరగాయలు ఎక్కడి నుంచి వచ్చేవి, తూకం ఎలా వేసేవారు, ఏ కులంవారు ఎక్కడ కూర్చునేవారు, ఎవరిని కూర్చోనిచ్చేవారు కాదు, సంత ఏ వారం జరిగేది, అది ఎప్పుడు తగ్గింది? పెద్ద సంఘటనలు ఇతరులు రాసి ఉంటారు. ఇవి రాసినవారు తక్కువ.

మూడు, ఒకే సంగతిని కనీసం ముగ్గురిని అడగండి. వారిలో ఒకరు స్త్రీ కావాలి, ఒకరు ఊరి చివర వాడలో ఉన్నవారు కావాలి. ముగ్గురూ ఒకటే చెబితే సంతోషించండి. వేరువేరుగా చెబితే ఇంకా సంతోషించండి, అసలు చరిత్ర అక్కడ మొదలవుతుంది.

నాలుగు, విన్నదానిని కాగితంతో పోల్చండి. పాత పన్ను రసీదులు, దుకాణం పద్దు పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, భూమి దస్తావేజులు, బడి రిజిస్టర్లు, గుడి గోడల మీద చందాదారుల పేర్లు ఇవన్నీ ఆధారాలే. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత తెలుగు పత్రికల సేకరణకు పేరుపొందింది. మీ ప్రాంతంలోనూ పాత గ్రంథాలయం ఉందేమో చూడండి.

అయిదు, ఎదుటివారు మీరు అడగనిది చెప్పడం మొదలుపెడితే ఆపకండి. ఆ మాట పూర్తి అయ్యేదాకా మీ జాబితా పక్కన పెట్టండి.

7.9 సారాంశం

చీరాల తీరవర్తకం, చేనేత, రైలు కలిసి పెంచిన పట్టణం. 1919–20లో యూనియన్‌ను మునిసిపాలిటీగా మార్చి పన్ను సుమారు పది రెట్లు పెంచడం, విన్నపాలు ఫలించకపోవడం వల్ల 1921లో ప్రజలు గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు విడిచి రామనగర్‌లో పదకొండు నెలలు ఉన్నారు. నాయకుడి నిర్బంధం, ఆర్థిక ఇబ్బందులు, జాతీయ ఉద్యమం నిలిచిపోవడం వల్ల తిరిగి వచ్చారు. రికార్డు దీనిని పన్ను వివాదంగా చూస్తుంది, ఊరు త్యాగంగా గుర్తుపెట్టుకుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే రెండూ వదిలేసినవారు కనబడతారు. అలాంటివారి మాట వినగలిగే అవకాశం ప్రతి ఊళ్లోనూ కొంతకాలమే ఉంటుంది. ఈ యూనిట్ మూసేసిన తరువాత మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న పెద్దవారి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. జవాబులు రాసే పని తరువాత చూసుకోవచ్చు.

7.10 కీలక పదాలు

యూనియన్: 1884 చట్టం కింద పెద్ద గ్రామాలలో ఏర్పరచిన స్థానిక సంస్థ.
ద్వంద్వ ప్రభుత్వం: 1919 సంస్కరణల కింద రాష్ట్రంలో కొన్ని శాఖలను మంత్రులకు అప్పగించి, మిగిలినవి గవర్నరు చేతిలో ఉంచిన విధానం.
రామదండు: గోపాలకృష్ణయ్య ఏర్పరచిన స్వచ్ఛంద సేవక దళం.
గుంట మగ్గం: నేలలో తవ్విన గుంటలో కాళ్లు ఉంచి నేసే మగ్గం.
మౌఖిక చరిత్ర: చూసినవారు, విన్నవారు నోటితో చెప్పిన విషయాలను సేకరించి, ఇతర ఆధారాలతో సరిచూసి రాసే చరిత్ర.

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

అ) ఈ కింది ప్రశ్నలకు ముప్ఫై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చీరాల–పేరాల ఉద్యమానికి దారితీసిన ఆర్థిక, రాజకీయ పరిస్థితులను వివరించండి.
2. ఒక ఉద్యమం గెలిచిందా, ఓడిందా అన్నది రికార్డులలో ఒక విధంగా, ప్రజల జ్ఞాపకంలో మరొక విధంగా ఎందుకు ఉంటుంది? చీరాల ఉదాహరణతో చర్చించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రామదండు
2. స్థానిక చరిత్రకు ఊరి పేరు కథలు ఎలా ఉపయోగపడతాయి?
3. గుంట మగ్గం గురించిన ప్రశ్న ఉద్యమ చరిత్రకు ఎందుకు ముఖ్యం?

ఇ) అభ్యాసం
మీ ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన ఒకరితో మాట్లాడి, వారు చేసిన పని గురించి రెండు పుటలు రాయండి. మీరు అడగకుండా వారు చెప్పిన విషయం కనీసం ఒకటి అందులో ఉండాలి.